ఈ వారం రంగు

మా తోటలో అరటి గెలలు ఇనప తీగకు వేలాడుతూ షెడ్డుకు చేరతాయి. లాగడానికి యంత్రం లేదు. నడుముకు పట్టీ బిగించుకుని వరస మొత్తాన్ని మనిషే లాగాలి. గువాయకిల్ రేవులో ఓడ ఉందంటే ఇక వానైనా ఎండైనా ఒకటే.

ఆ సాయంత్రం మేస్త్రీ బల్తసార్ నన్ను చూపిస్తూ అందరి ముందూ అన్నాడు.

"ఈ వరస చీకటిపడేలోగా తేలేకపోతే ముసలాడు రేపట్నుంచి రానక్కర్లేదు."

"నువ్వు పుట్టకముందు నుంచీ లాగుతున్నా. కావాలంటే నీ పొట్ట కూడా తగిలించు, లాక్కొస్తా," అన్నాను.

అందరూ నవ్వారు. తొట్టిలో కాయలు కడుగుతున్న ఓబ్దూలియా నవ్వలేదు.

ఆమె మొగుడు ఎవరిస్తో లేత గెలలకు రిబ్బన్లు కట్టేవాడు. వారానికో రంగు. మూడు నెలలకు ఆ రంగు చూసి నరుకుతారు. ఎర్ర రిబ్బన్ల వారంలో, అతను నిచ్చెన మీద ఉండగానే, విమానం తెగులు మందు చల్లింది. మేస్త్రీ దిగనివ్వలేదు. ఆ వారమే పోయాడు.

ఆ సాయంత్రం నేను లాగుతున్నవి ఆ ఎర్ర రిబ్బన్ల గెలలే.

సగం దారిలో వాన పట్టుకుంది. ఆకుల కింద మసక. ఎక్కడినుంచో మందు వాసన... విమానం రాలేదే! కాళ్ళు బురదలో దిగబడ్డాయి. పట్టీ కడుపులోకి కోసుకుపోతోంది. నా పని అయిపోయిందనుకున్నాను.

వరస కదిలింది.

ఎవరో నెడుతున్నారు. చివరి గెల దగ్గర దగ్గు... తడి దగ్గు.

"ఎవరది?"

"లాగు బాబాయ్... ఓడ ఆగదు..."

వెనక్కి చూడలేదు. లాగేవాడు ఆగితే గెలలు వచ్చి వీపు విరగ్గొడతాయి. దగ్గు ఒక్కో గెలా దాటుకుంటూ దగ్గరకొచ్చింది. చల్లటి వేళ్ళు నా మణికట్టు పట్టుకున్నాయి... వదిలేశాయి.

షెడ్డు చేరేసరికి ఇంకా వెలుగుంది. మేస్త్రీ నా వెనక్కే చూస్తున్నాడు.

"రేపు... రా తాతా," అన్నాడు.

పట్టీ విప్పడానికొచ్చిన ఓబ్దూలియా నా చెయ్యి చూసి ఆగిపోయింది. మణికట్టుకు తెల్ల రిబ్బను. ఈ వారం రంగు, మూడు నెలలకు కోతకొచ్చేది.

"ఈ ముడి... మా ఆయనది, బాబాయ్."

చెప్పి, చేతులకు చుట్టుకున్న తడి గుడ్డలు విప్పుకుంది. ఆమె చేతికీ అదే రిబ్బను ఉంది. తొట్టి చుట్టూ ఆడవాళ్ళు ఒక్కొక్కరే నీళ్ళలోంచి చేతులు పైకెత్తారు. తెలుపు... తెలుపు... తెలుపు.

మేస్త్రీ ఒక్కడే చేతులు జేబుల్లోంచి తియ్యలేదు.