పిట్ట చెవిలో గొట్టం

“రబ్బరా? నా కూతురి చెవిలో రబ్బరు గొట్టమా? నా కంఠంలో ప్రాణముండగా ఒప్పుకోను!”

ఆస్పత్రి వరండా అంతా ఇటు తిరిగింది. కుళాయిల మేస్త్రీ గొంతు మరి! ఇరవై ఏళ్ళు పైపులు బిగించిన చేతులు, ఆపరేషన్ కాగితం మీద సంతకం దగ్గర మాత్రం బిగుసుకుపోయాయి. అతని భార్య ఒళ్ళో ఐదేళ్ళ పిట్ట నవ్వుతూ కూర్చుంది. దానికి వినపడితే కదా! కర్ణభేరి వెనక నీరు చేరి ఎన్నాళ్ళయిందో... పిలిస్తే పలకదని, పొగరని, మొన్నటికి మొన్న దాని వీపు మీద నాలుగు వేసింది ఈ తల్లే!

డాక్టరమ్మ పళ్ళెంలో రెండు గొట్టాలు చూపించింది. బియ్యపుగింజలో సగం కూడా లేవు. ఒకటి టైటానియం లోహం, ఒకటి మేస్త్రీ రబ్బరన్న మెత్తని సిలికాన్.

“రెండూ లోపలికి గాలి ఆడనిచ్చేవే. పాప చెవి ఇరుకు, మెత్తనిదైతే మడిచి పెట్టడం తేలిక. కొన్నాళ్ళకి చెవే దాన్ని బయటికి తోసేస్తుంది.”

“ఊడిపోయేదాన్ని పెట్టడమెందుకండీ? మెటల్‌దే పెట్టండి, వందేళ్ళుంటుంది!”

“వందేళ్ళు ఉండకూడదయ్యా బాబూ!”

“వాడు పనివాడమ్మా, వాడికి తెలీదా?” అంది అత్తగారు, కొడుకు డాక్టరీ కూడా చదివినట్టు.

అంతే! తొమ్మిదేళ్ళుగా పెదవి విప్పని కోడలు లేచి నిలబడింది.

“ఏవండీ! మీ ఇత్తడి కుళాయిలో నీళ్ళు ఆపేదేంటి? లోపలి రబ్బరు వాషరు కాదూ? మనింటి కుళాయి మూడు నెలలుగా కారుతుంటే మీకు తీరిక లేదు... దీని చెవినీ అలాగే వదిలేస్తారా?”

కలం లాక్కుని సంతకం పెట్టేసింది!

“ఏదైనా జరిగితే నీదే పూచీ!”

“నాదే!” అంది.

ఆపరేషనై మూడో రోజు ఉదయం. పెరట్లో ఆడుతున్న పిట్ట ఠక్కున ఆగిపోయింది.

“నాన్నా... ఆ కుళాయి టప్ టప్‌మని ఎందుకు ఏడుస్తోంది?”

అత్తగారి చేతిలో గరిట జారిపోయింది! మేస్త్రీ సంచి తెచ్చి, పానా పట్టి, కుళాయి ముందు గొంతుక్కూర్చున్నాడు. అరచేతిలో కొత్త రబ్బరు వాషరు... దాన్నే చూస్తూ, “ఏమే... ఆ రోజు నేను...” అన్నాడు భార్యతో.

“వద్దు నాన్నా! ఇంకాసేపు ఏడవనీ, బాగుంది!”

పానా కింద పెట్టేశాడు.

తల్లి వెళ్ళి పిల్ల వీపు వెనక, పది అడుగుల దూరాన నిలబడి, పెదవులు కదిలీ కదలకుండా పిలిచింది. “పిట్టా...”

పిల్ల గిర్రున తిరిగింది!

“ఏంటమ్మా?”

“ఏం లేదు తల్లీ... ఏం లేదు... ఊరికే పిలిచాను!”