బసవమ్మ వెదికిన గుర్రం

శనివారం పొద్దున్నే పోస్టుమాన్ మీరా సాహెబ్ సైకిలు దిగకుండానే కార్డు చాచాడు. "కోడలమ్మా, మీ బైబిలు పరీక్ష కార్డు. నేను చదవలేదు గాని, పన్నెండు మందీ పాసంట."

ఎస్తేరు నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లై ఆరు నెలలు. గురజాల పక్కన ఈ ఊరికి కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమెకు అన్నీ ముచ్చటే. భర్త జీవరత్నం బడి నుంచి వస్తూ తెచ్చే చేమంతులూ ముచ్చటే, మామ ప్రసంగాలు చెప్పే గుడిలో గంట తాడు తను లాగడమూ ముచ్చటే. బి.ఏ. చదివి ఊరికే కూర్చోలేక, మిరపకోతల నుంచి వచ్చిన ఆడవాళ్లను సాయంత్రాలు గుడి అరుగు మీద కూర్చోబెట్టి బైబిలు చదివించింది. ఇప్పుడు పన్నెండు మందీ పాసయ్యారు. పల్నాడు మొత్తానికి ఫస్టు బసవమ్మ. ముందటేడు దాకా వేలిముద్ర వేసి, ఆ తర్వాత రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన బసవమ్మ.

కార్డు పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తింది. అత్త గ్రేసమ్మ పొయ్యి ఊదడం ఆపలేదు.

"అత్తయ్యా, బసవమ్మ ఫస్టు."

"ఫస్టే. పోయిన ఆదివారం చూశాంగా."

మామ యేసుపాదం ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ సంఘానికి పాస్టరు. యేసు శిష్యుల్ని బంధించబోతున్న సౌలు దమస్కు దారిలో ఆకాశపు వెలుగు తగిలి, చూపు పోయి గుర్రం మీది నుంచి పడే ప్రసంగం ఆయనకు పెట్టింది పేరు. బల్ల మీద అరచేతులతో గిట్టల చప్పుడు చేస్తుంటే పిల్లలు ఊపిరి బిగబట్టేవారు. పోయిన ఆదివారం ఆ చప్పుడు మధ్యలోనే బసవమ్మ లేచింది.

"అయ్యగారూ, ఏమీ అనుకోబాకండి. నా పుస్తకంలో గుర్రం లేదండీ. వేలు పెట్టి వెదికా."

గుడిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ రోజు నుంచి యేసుపాదం ముందుగది తలుపు వేసుకుని కూర్చున్నాడు. కోడలితో ఒక్క మాట లేదు.

గ్రేసమ్మ ఊదుగొట్టం పక్కన పడేసింది. "ఇన్నేళ్లలో ఆయన్ని ఎదురడిగినోళ్లు లేరు. నువ్వొచ్చి ఆడోళ్లకి తప్పులు పట్టడం నేర్పావు."

"తప్పులు పట్టమనలేదత్తయ్యా. చదవమన్నా."

"ఆ చదువే ఇక చాలు. క్లాసు ఉండదని రేపు గుళ్లో నువ్వే చెప్పు."

మిరప ఘాటుకు మండే వేళ్లు రెండుసార్లు కడుక్కుని, చెంగుకు తుడుచుకుని, అప్పుడు పేజీ తిప్పే బసవమ్మ ఎస్తేరు కళ్లలో మెదిలింది. ఆ కళ్లు నిండాయి. "మావయ్య మానమంటే మానేస్తా. ఆయన నోటితో చెప్పాలి."

ముందుగది తలుపు తెరుచుకుంది. యేసుపాదం గడ్డం మాసి ఉంది. చంకలో బైబిలు.

"ఆ సంగతి మూడు చోట్ల ఉందమ్మా," అన్నాడు కోడలితో. "ఆరు రోజులు చదివా. గుర్రం కాదు గదా, గాడిద కూడా లేదు. చూపు పోయిన సౌలుని చెయ్యి పట్టుకుని నడిపించారని ఉంది."

"మరి ఇన్నేళ్లూ చెప్పిందేంది?" అంది గ్రేసమ్మ.

"చిన్నప్పుడు మా ఊరి పాస్టరయ్యగారి ఇంటి గోడ మీద ఒక బొమ్మ ఉండేది. అందులో తెల్ల గుర్రం, చానా బాగుండేది. నేను ఆ బొమ్మని ప్రసంగించా గ్రేసమ్మా, పుస్తకాన్ని కాదు. జనం పుస్తకం తెరిచి చూసుకోవాలని ఏళ్ల తరబడి ప్రార్థన చేశా. తీరా ఒకామె చూస్తే, తలుపేసుకున్నా."

కార్డు అందుకుని పన్నెండు పేర్లూ పైకి చదివాడు. బసవమ్మ పేరు రెండుసార్లు చదివాడు. "పల్నాడంతటికీ మన సంఘమే ముందు," అని తల పైకెత్తాడు.

గ్రేసమ్మ ముక్కు తుడుచుకుని కోడలి పక్కకు జరిగింది. "ఏమే, అందులో నా పేరు లేదేంది?"

"మీరు రాలేదుగా అత్తయ్యా."

"నువ్వు పిలిచావా?"

ఎస్తేరు ఏడుపులోనే నవ్వింది.

"బసవమ్మకి కబురు పెట్టమ్మా," అన్నాడు యేసుపాదం. "రేపు బల్ల దగ్గర నిలబడి ఆ అధ్యాయం ఆమె చదువుద్ది. నేనూ మీ అత్తా ముందు చాప మీద కూర్చుని, పుస్తకంలో వేలు పెట్టి వింటాం."