ఓటీపీ చెప్పు ధాత్రీ

బైకు ఇంకా వెనకే ఉంది!

ధాత్రి వెనక్కి చూడదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని భయం.

అమీర్‌పేట సందు. సాయంత్రం కోచింగ్ బ్యాచ్‌లు అప్పుడే వదిలారు. జిరాక్స్ షాపుల ముందు గుంపులు. ఆ గుంపే ఆమెకి అడ్డుగోడ. బైకు మీద ఇద్దరు. హారన్ కొడుతున్నారు... తొందరేం లేనట్టు.

చేతిలో ఫోను వణుకుతుంది. మెసేజ్.

మీ లాగిన్ ఓటీపీ...

తను లాగిన్ అవ్వట్లేదు. పరుగెడుతోంది.

ఎవరో ఆమె ఐడీతో లోపలికి దూరాలని చూస్తున్నారు. ఇప్పుడే!

వెంటనే ఫోన్ మోగుతుంది. రామ్మోహనరావుగారు. నిఘా విభాగం అధికారి. రహస్య నివేదికలు రాసుకోవడానికి, భద్రంగా పంపుకోవడానికి ధాత్రి కంపెనీ చేత సాఫ్ట్‌వేర్ చేయించుకున్నది ఆయనే.

"రాజమణి రిపోర్టు ఫొటో బయటికి పోయిందమ్మా. అందులో దాగిన గుర్తు చదివి చూశాం. నీ పేరొచ్చింది."



ఆ గుర్తు ధాత్రి రాసిన కోడే. రిపోర్టు ఎవరు తెరిస్తే వాళ్ళ పేరు అక్షరాల మధ్య ఖాళీల్లో దాక్కుంటుంది. కంటికి కనబడదు. ఫొటో తీసినా పోదు. డెమోలో దానికి చప్పట్లు కూడా కొట్టారు.

రాజమణి పంజాగుట్టలో టైలరు. కోటు లోపల పిస్తోలు పట్టేంత జేబులు కుట్టమన్నారు ఎవరో. ఆమె కుట్టింది... పోలీసులకి చెప్పింది. ఇవాళ మధ్యాహ్నం షాపు మీద కత్తులతో పడ్డారు. వెనక తలుపు ఉండబట్టి బతికింది.

"ఆమెని దాచిన చోటు ఇందాకే ఆ రిపోర్టులో ఎక్కించాం. నీ ఐడీ ఎవరు వాడతారు?"

"మా టీమంతా సర్."

"టీమంతానా?"

"అందరికీ ఐడీలంటే మీ ఆఫీసులో ఆలస్యం అవుతుందని... ఓటీపీ నా ఫోన్‌కి వస్తుంది. వాళ్ళడుగుతారు. నేను సీట్లోంచి అరిచి చెప్తాను."



ధాత్రి మెట్రో మెట్లెక్కుతుంది. కింద బైకు ఆగుతుంది. ఒకడు దిగుతాడు.

"మీ సాఫ్ట్‌వేర్‌లో ఉచ్చు ఉందన్నావుగా. ఒక్క ఐడీకి మాత్రం అబద్ధపు అడ్రస్ చూపించేది. పనిచేస్తుందా?"

"పోయిన వారం టెస్ట్ చేశాను సర్. నా ఐడీ మీదే."

"నేనిక్కడ ఆన్ చేస్తున్నా. ఓటీపీ ఎవరడిగితే వాళ్ళకి ఇచ్చెయ్. వాళ్ళ పేరు నాకు పంపు."

రైలు తలుపులు మూసుకుంటాయి. వాడూ ఎక్కాడు! అదే పెట్టె. ఈ ఉక్కలో కోటు. చెయ్యి కోటు లోపల.

ఫోన్. రాజేందర్. టీమ్ లీడ్. రోజూ తన టిఫిన్ బాక్సులో సగం ధాత్రికి పెట్టే మనిషి.

"ధాత్రీ, జర ఓటీపీ చెప్పు."

"ఎందుకన్నా?"

"చిన్న బగ్గు. గింత ఆలోచిస్తున్నవేంది? రోజూ ఇస్తవు గదా."

"అన్నా... నా వెనక ఎవరో పడ్డారు."



"ఫికర్ చెయ్యకు. ఓటీపీ చెప్పు, పోతరు."

వాళ్ళు పోతారని రాజేందర్‌కెలా తెలుసు?

అంకెలు చదువుతుంది. భయం నటించాల్సిన పని లేదు.

పంజాగుట్ట. కోటువాడు ఫోన్ చూసుకుంటాడు. మళ్ళీ ఆమె వైపు చూడను కూడా చూడడు. దిగిపోతాడు.

ధాత్రి రాజేందర్ పేరు రామ్మోహనరావుగారికి పంపిస్తుంది. తర్వాతి స్టేషన్లో దిగి ఆటో ఎక్కుతుంది. శ్రీనగర్ కాలనీ. తన గది. గొళ్ళెం.

నేల మీద కూలబడుతుంది.

ఫోన్.

"రాజేందర్ దొరికాడమ్మా. ఏడుస్తున్నాడు. అడ్రస్ వాళ్ళకి పంపేశాడట. పంపనీ. రాజమణి క్షేమం."

ధాత్రికి నవ్వొస్తుంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటుంది.

"అన్నట్టు, ఆ అబద్ధపు అడ్రస్ ఏం పెట్టావు? నీ ఐడీకి తప్ప మాకది కనబడదుగా. చెప్తే అక్కడ మావాళ్ళని పెడతాను."

"ఏదో శాంపిల్ సర్. టెస్టింగ్‌కి..."

ఆగిపోతుంది.

ఆ రోజు ఆకలి మీద ఉంది. అడ్రస్ అన్న ఖాళీ కనబడగానే వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. బిర్యానీ ఆర్డర్‌కి కొట్టే అడ్రసే.

శ్రీనగర్ కాలనీ. మూడో అంతస్తు. లిఫ్ట్ పక్క గది.

బయట లిఫ్ట్ తలుపు తెరుచుకుంటుంది.

"అమ్మా? లైన్లో ఉన్నావా?"

తలుపు మీద మెల్లగా రెండు దెబ్బలు.

"రాజమణక్కా..." ఎంతో మర్యాదగా ఉంది గొంతు. "జర తలుపు తియ్యి. కోటు కుట్టించుకున్నోళ్ళం."

ధాత్రి నోరు తెరుస్తుంది. నేను రాజమణిని కాదని అరవాలి.

కాదంటే... రాజమణి ఉన్న అసలు చోటు కోసం మళ్ళీ ఓటీపీ అడుగుతారు.

నోరు మూసుకుంటుంది.

గొళ్ళెం ముక్కలై ఎగురుతుంది!