కరెంటు పోని సాయంత్రం

నేను ఇంతవరకూ ఏమీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో ఆగిన చదువు, లాకుల గది ఊడ్చే పని. తోచినట్టు చెబుతాను, సర్దుకుని చదవండి.

సముద్రం పోటు మొదలైంది. మురుగుకాలవ చివర లాకు తలుపులు మాత్రం దిగలేదు. అవి దిగకపోతే ఉప్పునీరు ఎగదన్ని ఊరి వరిచేలన్నీ తినేస్తుంది.

ఆ లాకుల్ని ఏళ్ళ తరబడి నడిపినవాడు నాంచారమ్మ భర్త. పోయి ఏడాది దాటింది. ఇంజినీరు షాహీన్ కబురుపెడితే నాంచారమ్మ లాకుల గదికి వచ్చింది గానీ, గుమ్మంలోనే ఆగిపోయింది.

"రండి పిన్నిగారూ. మిషనేం కరవదు."

"కాళ్ళకి బురదుందమ్మా."

"దీనికి కళ్ళు లేవు. చెవులొక్కటే. రండి."

ఆయన మాట విని తలుపులు ఎత్తి దించే పాత కంప్యూటర్ తుప్పుపట్టిపోతే, దాని నడకంతా కొత్త మిషన్ లోపల మళ్ళీ కట్టారు. దాన్ని ఎమ్యులేటర్ అంటారు. లోపలి ప్రోగ్రాంకి తను ఇల్లు మారిన సంగతే తెలియదు. ఏ క్షణంలో నకలు తీశారో, ఆ క్షణం నుంచే మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది. ఇవాళే లాకుల్ని దాని చేతిలో పెట్టారు.

"తప్పు దొరికింది," అంది షాహీన్. "బాబాయిగారు ఆఖరిరోజు ఇంటికి బయల్దేరుతూ దీనికేం చెప్పారో వినండి."

పెట్టెలోంచి ఆయన గొంతు వచ్చింది. "వెళ్ళొస్తా."

నాంచారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎక్కణ్ణుంచి కదిలినా మనం అనే మాటే కదా. దీనికేమో ఉన్నది ఉన్నట్టు అర్థం నేర్పారు. వెళ్ళి, వస్తాడు. వచ్చేదాకా తలుపులు దించకూడదు. పాతరోజుల్లో పొద్దుగూకేసరికి కరెంటు పోయేది, తలుపులు వాటి బరువుకే పడేవి. తప్పున్నట్టే ఎవరికీ తెలీలేదు. దీని లోపల కరెంటు పోదు పిన్నిగారూ. ఆయన అటు వెళ్ళగానే తీసిన నకలిది, అక్కడింకా ఆ సాయంత్రమే."

"కట్టేస్తే పోదా?"

"ఎక్కడ ఆపితే అక్కణ్ణుంచే లేస్తుంది. కొత్త తలుపులు వాటంతటవి పడవు కూడా. దీనికి తెలిసిన గొంతులు రెండే. ఆయనదీ, రోజూ క్యారేజీ తెచ్చిన మీదీ. ఆయన రారని మీరే చెప్పాలి."

శవం దగ్గర కూడా నాంచారమ్మ నోట ఆ మాట రాలేదు. లోకం మొత్తం మీద ఈ పెట్టెలోనే ఆయన ఇంకా దారిలో ఉన్నాడు. ఏ మలుపులోనో ఆగి, తలగుడ్డ విప్పి దులుపుకుంటూ, ఎవరితోనో కబుర్లాడుతున్నాడు.

కిటికీ అవతల నీళ్ళు రెల్లు మొదళ్ళు దాటాయి.

"ఇదుగో," అంది పెట్టెతో, నిద్రలో ఉన్నవాళ్ళని లేపుతున్నట్టు. "ఆయనిక రారు. నువ్వు తలుపేసుకో."

తలుపులు మెల్లగా దిగాయి. నీళ్ళు వెనక్కి మళ్ళాయి.

తెరమీద ఏవో అక్షరాలు వెలిగాయి. షాహీన్ చదివి తల పట్టుకుంది. "మరి పొద్దున తలుపులు తీయించడానికి ఎవరొస్తారని అడుగుతోంది. మనిషి అక్కర్లేదనే కదా దీన్ని పెట్టాం!"

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ తలకి పోసుకుని, తడిజుట్టు ముడేసుకుని, లాకుల గదికి వెళ్ళింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, "నేనొచ్చాను," అంది.