తలుపు వెనక జర్మన్ క్లాసు

హలో... హలో, వినపడుతోందా అండీ? అందరూ కులాసాయేనా? నరసరావుపేట నుంచి మీ బాబాయిని మాట్లాడుతున్నాను. ఇవాళ సిగ్నల్ బాగుంది, మా ఆవిడ కూడా పుట్టింటికి వెళ్లింది, కాబట్టి అడ్డు తగిలేవాళ్లు లేరు. ఒక ఇంటి కథ చెప్తాను. కరోనా వచ్చిన మొదటి ఏడాది, ఆగస్టు నెల. పొయ్యి మీద ఏమైనా ఉంటే కట్టేసి రండి.

ఆ రోజు పొద్దున్నే మంగతాయారు పెసరట్లు పోస్తోంది. ఆవిడ భర్త బాలకోటయ్య ఇంట్లో ఒక్కో తలుపూ తీసుకుంటూ వస్తున్నాడు. వీధి తలుపు, పెరటి తలుపు, పడకగదులు, చివరికి సామాన్ల గది కూడా. నరసరావుపేటలో ఆయనకు విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఉంది. నెల రోజుల కిందట తమ్ముడు చంద్రమౌళి కరోనాతో ఆస్పత్రిలో పోయాడు. ఆఖరిచూపు కూడా దక్కలేదు. అప్పట్నుంచి బాలకోటయ్యకు మాట తగ్గింది, ఈ తలుపులు తీసే అలవాటు మొదలైంది.

కూతురు హరిత లాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"నాన్నా, ఇవాళ సాయంత్రం ఆరు నించి ఎనిమిది దాకా నా గది తలుపేసుకుంటా. ఎవరూ పిలవొద్దు."

"సందెవేళ తలుపెయ్యడమేంది? దీపం పెట్టే టయానికి ఇల్లు మూసుకుని కూచుంటే లక్ష్మి వాకిట్లోంచే ఎనక్కి పోద్ది."

"లక్ష్మికి నేను ఫోన్ చేసి ఎనిమిదింటికి రమ్మంటాలే."

మంగతాయారు ఫక్కున నవ్వింది. బాలకోటయ్య నవ్వలేదు.

హరిత హైదరాబాదులో ఒక జర్మన్ సాంస్కృతిక సంస్థలో భాష నేర్పుతుంది. మామూలు రోజుల్లో అక్కడ క్లాసులతో పాటు సినిమాలు వేసేవాళ్లు, పాటల కచేరీలు పెట్టేవాళ్లు, పెద్ద లైబ్రరీ ఉండేది. మార్చిలో అన్నింటికీ తాళం పడింది. హరిత హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేసింది. సంస్థవాళ్లు ఊరుకోకుండా ఒక్కోటీ ఆన్‌లైన్‌లోకి తెచ్చారు. సినిమా చర్చలు తెర మీదే, పిల్లలకు కథలు చెప్పడమూ తెర మీదే. ఇప్పుడు భాష క్లాసుల వంతు వచ్చింది.

హరితకు పన్నెండు మంది ఉన్న బ్యాచ్ ఇచ్చారు. దాదాపు అందరూ జర్మనీలో ఉద్యోగాలకి వెళ్దామనుకునే నర్సులే. పగలంతా కరోనా వార్డుల్లో పని చేసి సాయంత్రం పుస్తకం పట్టుకునేవాళ్లు. మొదటి వారం సూపర్‌వైజర్ తహసీన్ మేడమ్ క్లాసులో కూర్చుని చూస్తుంది. సవ్యంగా నడిపితే బ్యాచ్ హరితదే. లేకపోతే ఆఫీసు తలుపులు మళ్లీ తెరిచేదాకా పని లేనట్టే. అవి ఎప్పుడు తెరుస్తారో అప్పట్లో ఎవరికీ తెలియదు.

సాయంత్రం ఆరింటికి హరిత గడియ పెట్టుకుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నమస్కారం చెప్పింది. గుంటూరు నుంచి అల్ఫియా హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఉంది. సత్తెనపల్లి అబ్బాయి బెంజిమిన్ ఆస్పత్రి బట్టల్లోనే ఉన్నాడు, ముక్కు మీద మాస్కు గీతలు అట్లాగే ఉన్నాయి. క్లాసు ఊపందుకుంది. అర్ధగంట గడిచిందో లేదో తలుపు మీద దబదబా చప్పుడు.

"హరితా! తియ్యి!"

హరిత మైకు ఆపి, "ఒక్క గంట నాన్నా!" అని అరిచి మళ్లీ పాఠంలో పడింది. చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకునేలోపే ఫ్యాను ఆగిపోయింది. నెట్ పోయింది. పన్నెండు మొహాలూ, తహసీన్ మేడమ్ మొహమూ తెర మీద కదలకుండా నిలిచిపోయాయి.

హరిత గడియ తీసి బయటికి వచ్చింది. బాలకోటయ్య మీటరు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో పీకేసిన ఫీజు.

"నాన్నా, ఏం చేశావో తెలుసా నీకు?"

"తలుపు తియ్యమంటే తీశావా?"

"అది నా ఉద్యోగం! నీ కొట్లో ఎవరన్నా బేరం జరిగేటప్పుడు షట్టర్ లాగేస్తే ఊరుకుంటావా?"

"నా కొట్టుకి మనుషులొస్తారు. నువ్వు గోడకి మాట్లాడతన్నావు. దాన్ని ఉద్యోగమంటారా?"

"గోడ కాదు, పన్నెండు మంది. వాళ్లలో రాత్రి డ్యూటీకి పోవాల్సినవాళ్లున్నారు. నిద్ర మానుకుని కూచున్నారు నా ముందు."

"ఏవండీ, ఆ ఫీజు ఇటివ్వండి," అంది మంగతాయారు. "మీకు లక్ష్మి మీద అంత భక్తి ఎప్పట్నించి పుట్టింది? పెళ్లయి ముప్పై ఏళ్లయింది, ఒక్క దీపమన్నా మీ చేత్తో ఎలిగించారా?"

బాలకోటయ్య ఫీజు భార్య చేతిలో పెట్టి వీధిలోకి వెళ్లిపోయాడు.

తహసీన్ మేడమ్ ఫోన్ చేసింది. ఆవిడ కోప్పడలేదు. "నువ్వు మంచి టీచర్‌వి హరితా. కానీ క్లాసు మధ్యలో ఆగిపోయింది. గురువారం ఇంకోసారి వచ్చి కూర్చుంటాను. ఆ రోజు కూడా ఇట్లాగే అయితే బ్యాచ్ వేరేవాళ్లకి ఇవ్వక తప్పదు," అంది.

హరిత ఏడవలేదు. మర్నాడు తండ్రి అన్నం తింటుండగా ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఇంట్లో తలుపెయ్యను నాన్నా. నీ మాట నీదే. గురువారం కొట్టు గోడౌన్‌లో క్లాసు చెప్పుకుంటా."

"అందులో మందుల వాసన. తలనొప్పి వస్తది."

"వస్తే రానీ. క్లాసు మాత్రం ఆపను."

కొట్టు వెనక వీధిలో ఆ గోడౌన్. గురువారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు వెళ్లి మందుల డబ్బాలన్నీ బయటి గదిలోకి చేర్చారు. మిగిలిన ఎరువుల బస్తాలు ఒక పక్కకు జరిపించి, కింద ఊడ్చి, ఒక బల్ల వేశారు. ఫోన్ నుంచే నెట్ పెట్టుకుంది హరిత. వీధిలో ఆటోల రొద ఎక్కువగా ఉందని ఆరింటికి షట్టర్ కిందికి లాగేసింది. ఆ సంగతి తండ్రికి చెప్పలేదు.

క్లాసు బ్రహ్మాండంగా సాగింది. తహసీన్ మేడమ్ ఒక మూల చిన్న చతురస్రంలో కూర్చుని రాసుకుంటోంది. ఒక గంట దాటాక అల్ఫియా ఉన్నట్టుండి తెలుగులోకి దిగింది.

"మేడమ్, మీ ఎనక ఎవరో అరుస్తన్నారు."

హరిత ఇయర్‌ఫోన్లు తీసింది. షట్టర్ మొత్తం అదిరిపోతోంది. బయటినుంచి తండ్రి గొంతు. అది కోపంగా అరిచే గొంతు కాదు.

"హరితా! పలకవే తల్లీ! ఒక్కసారి పలకవే!"

తహసీన్ మేడమ్ చూస్తోంది. ఇప్పుడు లేస్తే బ్యాచ్ పోతుంది. హరిత ఒక్క క్షణం బల్ల అంచు పట్టుకుంది. తర్వాత లేచి షట్టర్ ఎత్తింది.

బాలకోటయ్య చెప్పుల్లేకుండా ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. కూతుర్ని చూసి, భుజం పట్టుకుని, మొహం తడిమి, అక్కడే ఉన్న యూరియా బస్తా మీద కూలబడ్డాడు.

"ఎన్నిసార్లు పిలిచానో... పలకలేదేందమ్మా?"

"ఇయర్‌ఫోన్లు నాన్నా. ఆటోల రొదకి సౌండు పెంచా, వినపళ్లేదు. ఏమైంది నీకు?"

"వాడూ పలకలా." ఆయన అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "మౌళి. మేడ మీద గదిలో ఉంచాం గదా వాణ్ని. జ్వరం ఇంట్లో అందరికీ అంటుకుంటదని వాడే తలుపేసుకున్నాడు. నేను పొద్దునా సాయంత్రం మెట్ల మీద నిలబడి 'ఒరేయ్ మౌళీ' అంటే 'ఆఁ అన్నా' అనేవాడు. ఐదో రోజు పొద్దున పిలిచా. పలకలా. రాత్రంతా దగ్గాడు, ఇప్పుడే కునుకు పట్టింది గామాలనుకుని దిగొచ్చా. కొట్టు తీశా. బేరాలు చేశా. మజ్జానం మీ అమ్మ గంజి తీసుకెళ్తే గదా తెలిసింది వాడికి తెలివి లేదని. పొద్దున పిలిచిన సంగతి ఎవురికీ చెప్పలా. మీ అమ్మక్కూడా చెప్పలా. అప్పుడే తలుపు బద్దలు కొట్టుంటే వాడు బతికేవాడేమో తల్లీ."

హరితకు ఇంట్లో తెరిచిన తలుపులన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు కదిలాయి. లక్ష్మి పేరు చెప్పి ఆయన ఇన్నాళ్లూ దాచింది ఇదా! ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుని రెండు చేతులూ పట్టుకుంది.

అప్పుడు లాప్‌టాప్‌లోంచి ఒక గొంతు వినిపించింది. ఇయర్‌ఫోన్ల వైరు ఊడిపోయింది, మైకు ఆపలేదు. అంతా విన్నారు.

"బాబాయ్, నేను బెంజిమిన్‌ని. సత్తెనపల్లి. ఒక్క మాట చెప్పనా?"

బాలకోటయ్య తలెత్తి తెర వైపు చూశాడు.

"ఈ జబ్బులో ఆక్సిజన్ పడిపోతే మనిషి మత్తుగా అయిపోతాడు బాబాయ్. చూస్తే నిద్రపోతన్నట్టే ఉంటది. మేము చదువుకున్నోళ్లం, చేతిలో ఆక్సిజన్ చూసే మిషను పెట్టుకుని మంచం పక్కనే నించుంటాం. మా కళ్ల ముందరే కొందరు జారిపోయారు. మేమే కనిపెట్టలేకపోయాం. మీరు తలుపు బయట నించుని ఎట్టా కనిపెడతారు?"

"నేను తలుపు తెరిచుంటే..."

"తెరిచినా నిద్రపోతన్నాడనే అనుకునేవాళ్లు బాబాయ్," అంది అల్ఫియా కళ్లు తుడుచుకుంటూ. "ఐదు రోజులు పూట పూటకీ పిలిచేవాళ్లున్నారు ఆయనకి. మా వార్డులో పిలిచేవాళ్లు లేకుండా పోయినోళ్లు చానా మంది. మేడమ్, నాన్నగారికి ముందు మంచినీళ్లివ్వండి. మేం ఎక్కడికీ పోం."

బాలకోటయ్య సీసా ఎత్తి నీళ్లు తాగాడు. తాగుతూనే భోరుమని ఏడ్చాడు. తమ్ముడు పోయిన రోజున కూడా ఆయన అట్లా ఏడవలేదు. తెర మీద ఎవరూ తొందరపెట్టలేదు.

కాసేపయ్యాక హరిత బల్ల దగ్గరికి వచ్చింది. "మేడమ్, క్షమించండి. ఈసారి కూడా..."

"క్లాసుకి ఇంకా నలభై నిమిషాలుంది," అంది తహసీన్ మేడమ్. "నేను చూడాల్సింది ఇంకా మిగిలే ఉంది. మొదలుపెట్టు."

హరిత మొహం కడుక్కుని వచ్చింది. బాలకోటయ్య లేచి షట్టర్ దగ్గరికి వెళ్లాడు.

"నాన్నా, తెరిచే ఉంచు. పర్లేదు."

"ఆటోల గోలలో ఏం చెప్తావు? నేనే లాగుతా. బయట మెట్టు మీద కూచుంటా. చెవుల్లోయి మాత్రం పెట్టుకోమాక. నీ గొంతు ఇనపడతంటే నాకు చాలు."

సగం పైగా షట్టర్ దించి ఆయన మెట్టు మీద కూర్చున్నాడు. లోపల హరిత గట్టిగా పాఠం చెప్తోంది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆయన తల వంచుకుని వింటున్నాడు. దారిన పోతున్న యల్లమంద అనే రైతు ఆగాడు.

"ఏంది షావుకారూ, కాళ్లకి చెప్పులన్నా లేకుండా కూచున్నావ్? లోపల ఆ అరుపులేంది?"

"మా అమ్మాయి జర్మనీ భాష చెప్తాంది. నర్సులకి. చిన్నగా మాట్లాడు, లేకపోతే పో."

లోపల హరిత నాలుగు వాక్యాలు రాయమని పని ఇచ్చింది. అందరూ తలలు వంచి రాస్తున్నారు. గోడౌన్ నిశ్శబ్దమైపోయింది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. బయట బాలకోటయ్య షట్టర్ సందుకి చెవి పెట్టాడు. పిలవకూడదనుకున్నాడు. ఉండలేకపోయాడు. షట్టర్ సందులోంచి, చిన్నపిల్లవాడిలా, మెల్లగా అన్నాడు.

"హరితా..."

హరిత నోరు తెరిచేలోపే లాప్‌టాప్‌లోంచి పన్నెండు గొంతులూ ఒక్కసారే పలికాయి.

"ఆఁ బాబాయ్, ఉన్నాం!"

ఎనిమిది దాటాక తహసీన్ మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది. బ్యాచ్ హరితదే. తండ్రీకూతుళ్లు ఇంటికి నడిచి వెళ్లారు. ఆ పొద్దున మౌళిని పిలిస్తే పలకని సంగతి బాలకోటయ్య గుమ్మంలోనే నిలబడి మంగతాయారుకు చెప్పాడు. ఆవిడ ఆయన్ని లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టింది.

అదండీ సంగతి. పిలిచాను, పలకలేదు, నా వల్లే పోయాడు అని లోపల పెట్టుకుని తిరిగేవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. మీకు తెలిసినవాళ్లలో అట్లాంటి మనిషి ఒక్కరున్నా, ఈ కథ ముందు వాళ్లకి పంపండి. పంపి ఊరుకోకండి, ఒకసారి ఫోన్ చేసి పలకరించండి. ఉంటాను మరి.