తాత పరుపు

ఆదిబాబు స్టోర్స్‌కి బర్మామైన్స్‌లోని మొదటి కొట్టు గాక ఏడు బ్రాంచీలు. ఎనిమిదోది సోనారిలో, రేపు పొద్దున్నే. స్థలం చూసిందీ, ర్యాకులు కొలిచిందీ, రోజుకి ఎంతమంది వస్తారో అంచనా వేసిందీ అంతా దేవిశ్రీయే. ఇరవై నాలుగేళ్లకి ఆమె సొంతంగా తెరుస్తున్న మొదటి షాపు అది. పెదనాన్న గణపతిరావు మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు. తాత పరుపులోంచి కేజీ దూది తెచ్చి క్యాషియర్ సీటులో కుట్టకపోతే షట్టరు లేవదు.

అది ఆ ఇంటి ఆనవాయితీ. శ్రీకాకుళం నుంచి గుడ్డల మూటతో ఈ హిందీవాళ్ల ఊరికి వచ్చిన తాత ఆదిబాబు నలభై ఏళ్లు ఆ పరుపు మీదే కూర్చుని బట్టలమ్మాడు. ఒక మే నెలలో, ఇంటిల్లిపాదీ పెళ్లికి ఊరెళ్లినప్పుడు, దాని మీదే పోయాడు. నాలుగో రోజుకి గానీ ఎవరూ చూడలేదు. గలేబు మార్చారు. దూది మాత్రం ఉంచేశారు. బ్రాంచీలన్నీ ఆ తర్వాత వచ్చినవే మరి. చిన్నప్పుడు దాన్ని తాకి కళ్లకద్దుకోమంటే దేవిశ్రీ ఊపిరి బిగబట్టేది.

మధ్యాహ్నం మూడింటికి ఆమె పాత కొట్టు పైగదికెక్కింది. కుట్టించినప్పుడు పరుపు ఎనిమిది కేజీలు. ఏడు పోగా మిగిలేది ఒకటి. దాంతో ఈ పీడ వదులుతుంది.

తలుపు తియ్యగానే వాసన. గిన్నెలు తోమిన గుడ్డ మురిగినట్టు, అందులో ఏదో తియ్యగా కుళ్లినట్టు. పరుపు పలచబడలేదు. ఉబ్బి ఉంది. గది చూసుకునే ముసలి చిలకమ్మ సాయం పడితే, మూలనున్న పాత కాటా మీదికి ఈడ్చారు. యాభై కేజీలు.

కుట్టు విప్పి చెయ్యి పెట్టింది. దూది వెచ్చగా ఉంది. చిగుళ్లలా మెత్తగా, జిగటగా వేళ్లని పట్టుకుంది. చెయ్యి లాక్కుంటే పచ్చటి పీచుతో పాటు తెల్ల వెంట్రుకలు, ఒక గోరు వచ్చాయి. గోటి మొదట్లో ఇంకా మాంసం ఉంది. చెయ్యి విదిలించింది.

"ఛీ... ఏ క్యా హై, మామ్మా?"

"తీసినకాడే ఊర్తాదమ్మా," చిలకమ్మ గొంతు తగ్గించింది. "కొత్త షాపు తెరిసినప్పుడల్లా, తీసింది పూడిపోయి పైన ఆరేసి కేజీలు."

ఏడు ఆర్లు నలభై రెండు. ఎనిమిది కలిపితే యాభై. సరిపోయింది.

ఆమె కళ్లు గోడ మీదికి పోయాయి. ప్రతి ఉగాదికీ తాత ఆ కాటా మీద నిలబడి, తన బరువు పెన్సిల్‌తో అక్కడ రాసుకునేవాడు. చివరి అంకె 56.

ఇంకో ఆరు...

దేవిశ్రీ ఆ దూది తేలేదు. సాక్చీ బజారులో కొత్తది కొని సీటు కుట్టించింది. పెదనాన్నకి తెచ్చాననే చెప్పింది.

మర్నాడు షట్టరు లేచింది. ఇంటిపెద్ద కాబట్టి గణపతిరావే ముందు సీటులో కూర్చున్నాడు. కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు.

"నాన్న వాసన వత్తందే," అన్నాడు తృప్తిగా.

ఆయన లేచాక ఆమె సీటు తాకింది. జిగట.

వెనక గోడౌన్లోకి పరిగెత్తి చిలకమ్మకి ఫోన్ చేసింది. పరుపు ఒకసారి తూచమంది.

"ఏటి తూచనమ్మా... గలేబొక్కటే ఉంది. లోపల్నుంచి సిరిగిపోనాది."

గోడౌన్లో అదే వాసన. మూల కొత్త కాటా మీద ఎర్రంకెలు వెలుగుతున్నాయి. 56. దాని మీద ఏమీ లేదు. రబ్బరు పట్టా మాత్రం రెండు చోట్ల తడిగా నొక్కుకుపోయి ఉంది.

ఆమె చూస్తుండగానే పట్టా మెల్లగా పైకి లేచింది.

అంకె సున్నాకి వచ్చింది.