ఉలి మింగిన బొమ్మ

"నా బొమ్మ ఏదండీ?"

గొడుగు కూడా ముడవకుండా గుమ్మంలో నిలబడి అడిగాడు ఆ కుర్రాడు. బయట క్యోటో నగరం మూడు రోజులుగా వానలో నానుతోంది.

చిగుసా ఉలి పక్కన పెట్టి, ముందున్న చెర్రీ చెక్కను అతని వైపు తిప్పింది. "ఇదిగో. సగం అయింది."

"చెక్క కాదండీ. కాగితం. నేను గీసి పంపిన కాగితం."

"అదే ఇది. చెక్క మీద బోర్లా అంటించి చెక్కేస్తున్నాను."

కుర్రాడి మొహంలో రంగులు మారాయి. అతని పేరు రెంతారో. టోక్యోలో కామిక్స్ గీస్తాడు. పాతకాలపు చెక్క అచ్చు బొమ్మలనూ, ఈనాటి కామిక్స్‌నూ ఒకే కప్పు కింద చూపించే ప్రదర్శన ఇంకో పది రోజుల్లో మొదలు. అతను గీసినదాన్ని చిగుసా చెక్కితే, పాత పద్ధతిలో అచ్చు తీస్తారు. అచ్చు బొమ్మ పక్కనే తన అసలు బొమ్మ కూడా వేలాడాలని అతని ఆశ.

"చెక్కేస్తున్నారా? అంటే నా ఒరిజినల్..."

"ఉలి కింద పోయింది. పోవాలి కూడా! గీతల వెంట కోస్తేనే కదా చెక్క మీద బొమ్మ వచ్చేది?"

"కాపీ తీసి అంటిస్తారనుకున్నాను!"

"మేం తరతరాలుగా ఇలాగే చేస్తున్నాం. మీకు తెలుసనుకున్నాను!"

పాపం, ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కామిక్స్ వాళ్ళకు ఒరిజినల్ అంటే దేవుడి పటం. ఎండ తగలనివ్వరు, చెయ్యి తగలనివ్వరు. చెక్కేవాళ్ళకు అదే కాగితం ఉలికి వేసే మేత. ఎవరింటి ఆచారం వాళ్ళు లోకమంతటికీ తెలుసనుకున్నారు.

"నలభై రోజులు కూర్చుని గీశాను. అందులోని అమ్మాయి మొహం నాకు మళ్ళీ రాదు," అన్నాడు రెంతారో. "నేను ప్రదర్శనలోంచి తప్పుకుంటున్నాను."

అతను తప్పుకుంటే చిగుసా శ్రమంతా వృథా. ఎనిమిదేళ్ళుగా ఆమె ఇవాకురా మాస్టారి దగ్గర చెక్కుతోంది. తన పేరు మొదటిసారిగా పడబోయేది ఈ అచ్చు మీదే. అయినా బతిమాలడం ఆమెకు చేతకాదు. చేతనైంది పోట్లాటే.

"తప్పుకోండి. వెళ్ళే ముందు ఒక్క మాట. ఈ అమ్మాయి వెనకున్న వంతెన మీరు గీయలేదు కదూ?"

రెంతారో బిత్తరపోయాడు. "మా అసిస్టెంట్ గీశాడు. మీకెలా తెలుసు? మా ఎడిటరే కనిపెట్టలేదు!"

"మీ గీత మొదట్లో తొందరపడుతుంది, చివర్లో మొహమాటపడుతుంది. వంతెనకు మొహమాటమే లేదు. కనురెప్ప దగ్గర మీరు ఊపిరి బిగబట్టారు. ఇదిగో, ఇక్కడేమో ఆకలేసి మధ్యలో లేచారు."

"ఆకలి కాదు... ఫోన్ వచ్చింది," అన్నాడు నీరసంగా.

అతని బొమ్మలను లక్షల మంది చూశారు. ఇంత దగ్గరగా చదివినవాళ్ళు ఒక్కరూ లేరు. అప్పుడు ముడిచాడు గొడుగు.

"సరే. మిగతా సగం చెక్కేటప్పుడు నేను పక్కనే కూర్చుంటాను. మీ మీద నమ్మకం లేక!"

మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు, ఈసారి మిఠాయి పొట్లంతో. టోక్యో నుంచి ఎడిటర్ ఫోన్ చేసి మొత్తుకుంటున్నా హోటల్ గది ఖాళీ చేయలేదు. చిగుసా కూడా తక్కువదేం కాదు. చెక్క మీద పెట్టాల్సిన చూపు గుమ్మం మీద పెట్టి వేలు కోసుకుంది.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది," అన్నారు ఇవాకురా మాస్టారు, ఎటో చూస్తూ. "ఏమయ్యా, కాపలా బొమ్మకా, బొమ్మ చెక్కే పిల్లకా?"

"బొమ్మకేనండీ!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. మాస్టారికి తాగుతున్న టీ పొలమారింది.

ప్రదర్శన మొదలైన రోజు చిగుసా తన పేరును పదిసార్లు చూసుకుంది. అచ్చు బొమ్మ కింద, మూలగా, చిన్న అక్షరాల్లో ఉంది. ఆ పక్కనే ఒక ఖాళీ ఫ్రేము వేలాడుతోంది. దాని కింద చీటీలో ఇలా ఉంది: "అసలు బొమ్మను చెక్కే చేతికి ఇచ్చాను. ఇట్లు, రెంతారో."

"అబద్ధం," అంది చిగుసా, వెనకే నిలబడ్డ రెంతారోతో. "మీరు ఇవ్వలేదు. పొరపాటున వచ్చింది."

"అది పొరపాటే. ఇది కాదు."

అట్ట గొట్టంలోంచి పల్చటి కాగితం తీసి ఆమె చేతుల్లో పెట్టాడు. ఉలి పట్టుకున్న అమ్మాయి బొమ్మ. వంగిన మెడ, బిగించిన పెదవి, వేలికి కట్టు. చిగుసాయే! ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. అంతలోనే గుండ్రంగా పెద్దవయ్యాయి.

"నాకు గుండు గీశారేంటి!"

"చేతి మీద నమ్మకం ఉంటే, జుట్టు గీయకుండా చెక్కేవాళ్ళకే వదిలేసేవారట పూర్వం. మాస్టారు చెప్పారు."

"కాపీ తీసుకున్నారా?"

"లేదు. ఉన్నది ఇదొక్కటే. ఉలి కింద పోతుందని తెలిసే ఇస్తున్నాను." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే నాకు ఇష్టం, చిగుసా గారూ."

చిగుసా ఆ బొమ్మ వంక చాలాసేపు చూసింది. "నేను దీన్ని చెక్కను," అంది చివరికి.

రెంతారో మొహం వాడిపోయింది. "నచ్చలేదా?"

"నచ్చింది కాబట్టే. దీని మీద ఉలి పెట్టడం నా వల్ల కాదు. ఇంట్లో దాచుకుంటాను."

"మరి మీ ఆచారం?"

"చెక్కడానికి ఇంకోటి గీయండి."

"అదీ నచ్చి దాచుకుంటే?"

"మరొకటి."

"ఇలాగైతే నేను జన్మంతా మీ పక్కన కూర్చుని గీస్తూనే ఉండాలి!"

"అదే కదయ్యా మహానుభావా, నేను అడుగుతున్నది!"